బిడ్డెత్తు బెల్లం

పోశవ్వ బిడ్డ ఆటలో ఉరికి ఉరికి, నడిదారిలో ఆగి గొంతుకూర్చునేది. తోటి పిల్లలు సందు మలుపు తిరిగి కనపడకుండా పోయేవాళ్ళు. ప్రవళిక మాత్రం రెండు మోకాళ్ళూ కడుపుకు అదుముకొని, తల వంచుకొని, మట్టిని చూస్తూ కూర్చునేది. కాసేపటికి లేచేది. నాలుగు అడుగులు వేసేది. మళ్ళీ కూర్చునేది.

"నీ బిడ్డేందే పోశీ, పొదుగుకు కూసున్న కోడిలెక్క కూసుంటది," అని వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

పోశవ్వ కూడా నవ్వేది. ఒడిలో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి. కళ్ళు బిడ్డ మీద ఉండేవి. పిల్ల పెదవులు ఏ కాలమైనా నేరేడుపండ్లు తిన్నట్టే ఉండేవి. గోళ్ళు నీలంగా ఉండేవి. తన చేతుల తంబాకే పిల్లకు అంటుకుంటుందని పోశవ్వ చాలాకాలం అనుకుంది. అందుకని బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునేది.

మంచిర్యాలకు బస్సులో కొంచెం దూరం ఆ ఊరు. గోదారి దగ్గర. ఇంట్లో పోశవ్వ, బిడ్డ, అత్త ఐలవ్వ. పెనిమిటి కొమురెల్లి మస్కట్‌లో ఇటుక మోసేవాడు. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. "బిడ్డ మంచిగున్నదా?" అనేవాడు. "మంచిగున్నది," అనేది పోశవ్వ. అంతకంటే ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు.

ఒకనాడు పొద్దున ప్రవళిక చేతిలోని గాలిబుగ్గను పక్కింటి పిల్ల గుంజుకుంది. ప్రవళిక ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ గొంతు ఆగిపోయింది. ముఖం నల్లబడింది. తల వేలాడిపోయింది. పోశవ్వ లేచిన లేవడానికి చాట బోర్లపడి బీడీలు వాకిలంతా దొర్లాయి. ఏం చేయాలో తెలియక, బిడ్డ రోజూ తనంతట తాను కూర్చునేట్టే ఆమెను మడిచి, మోకాళ్ళు కడుపుకు నొక్కి, గుండెకు హత్తుకుంది. అట్లా ఎంతసేపు ఉందో ఆమెకు గుర్తు లేదు. పిల్ల ఒకసారి ముక్కింది. ఊపిరి తీసింది. ముఖంలోకి రంగు వచ్చింది. రంగంటే పాత రంగే. నేరేడు రంగు.

మంచిర్యాల పిల్లల డాక్టర్ చెవులకు గొట్టం పెట్టుకొని చాలాసేపు విన్నాడు. కరీంనగర్ పొమ్మన్నాడు. కరీంనగర్‌లో చీకటి గదిలో పిల్ల ఛాతీకి జిగురు పూసి యంత్రంతో చూశారు. చూసి హైదరాబాద్ పొమ్మన్నారు.

"పుట్టుకతోనే ఉన్నదట," అంది పోశవ్వ ఇంటికి వచ్చి.

"మా ఇంట్ల ఇంతవరకు ఎవ్వలకు లేదు," అంది ఐలవ్వ.

పోశవ్వ చాట ముందుకు లాక్కుంది. తన పుట్టింట్లో కూడా ఎవ్వరికీ లేదు.

హైదరాబాద్ దవాఖానలో ఒక పెద్ద డాక్టర్ తెల్లకాగితం మీద గుండె గీశాడు. నాలుగు గదులు గీశాడు. కింది రెండు గదుల నడుమ గోడకు రంధ్రం ఉందన్నాడు. ఊపిరితిత్తులకు నెత్తురు పోయే తొవ్వ సన్నగా ఉందన్నాడు. అందుకని చెడు నెత్తురు అటు పోలేక, రంధ్రంలోంచి మంచి నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతుందని, ఆ నీలం అదేనని చెప్పాడు. గొంతుకూర్చుంటే కాళ్ళలోని నరాలు నొక్కుకొని నెత్తురు కొంచెమన్నా ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుందట. "ఎవరూ నేర్పకున్నా పిల్లలు కనుక్కుంటరు," అన్నాడు.

పోశవ్వకు ఆ మాట ఒక్కటే బాగా అర్థమైంది. పొదుగు కోడి అని తాను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. బిడ్డను లోపలికి తీసుకపోయిన తలుపు ముందు పోశవ్వ నేల మీద కూర్చుంది. ఐలవ్వ పక్కన కూర్చుంది. ఆ తలుపు దాటి ఏ దేవుణ్ణి పంపాలో పోశవ్వ ఆలోచించింది. కొండగట్టు అంజన్నను తలచుకుంది. అంజన్న బ్రహ్మచారి, ఆడపిల్ల సంగతి ఆయనకేం తెలుసనిపించింది. అప్పుడు చెంగు తీసి రెండు చేతులతో పట్టుకుంది.

"సమ్మక్క తల్లీ, సారక్క తల్లీ. నా బిడ్డను నాకియ్యున్రి. జాతర జాతరకు బిడ్డెత్తు బంగారం పెడత. అది బతికినన్నొద్దులు పెడత."

జాతరలో బెల్లాన్ని బంగారమనే అంటారు. పిల్లను తరాజులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం పెట్టి జోకి, ఆ బెల్లాన్ని గద్దెల మీద సమర్పిస్తారు. పిల్ల ఎంత బరువుంటే అంత.

రెండోనాడు అద్దాల గదిలోకి పోశవ్వను ఒక్కదాన్ని పంపారు. ప్రవళిక ముక్కులో, నోట్లో, మెడలో గొట్టాలున్నాయి. పోశవ్వ బిడ్డ ముఖం చూడలేదు. చెయ్యి పట్టుకొని గోళ్ళు చూసింది. దోరగా కాలిన ఇటుకలా ఎర్రగా ఉన్నాయి. ఆమె బయటికి వచ్చి అత్తతో ఆ ఒక్క మాటే చెప్పింది. "గోర్లు ఎర్రగున్నయత్తా." ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టర్ చెప్పాడు. "రంధ్రం మూసినం. సన్న తొవ్వ వెడల్పు చేసినం. అక్కడ తలుపు లాంటిది ఒకటి ఉంటుంది, వెడల్పు చేస్తే అది సరిగ్గా మూసుకోదు. పోయిన నెత్తురు కొంత వెనక్కి వస్తుంటది. చాలా ఏండ్లు ఏం కాదు. కానీ ఏడాదికోసారి తప్పకుండా చూపించాలె. పెద్దయినంక కొత్త తలుపు పెట్టాల్సి రావచ్చు. ఇది అయిపోయే జబ్బు కాదమ్మా, మంచిగ చూసుకునే జబ్బు."

పోశవ్వ తల ఊపింది. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు ఆ రోజు వేరే ఏ మాటా చెవిలో నిలవలేదు.

మేడారం దాకా పోలేనివాళ్ళకు మంచిర్యాల దగ్గర గోదారి ఒడ్డునే గద్దెలు కట్టారు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో అక్కడా జాతర జరుగుతుంది. మొదటి జాతరకు ప్రవళికను చంకనెత్తుకొని పోయింది పోశవ్వ. బెల్లం దుకాణాల వరుసలో లింగమూర్తిది చివరి దుకాణం. మూడు కర్రలు కట్టి, వాటి నడుమ ఊగే అడ్డకర్రకు ఇనుప గొలుసులతో రెండు చెక్కపీటలు వేలాడదీశాడు. అదే తరాజు.

ప్రవళికను పీట మీద కూర్చోబెట్టారు. లింగమూర్తి రెండోపీట మీద బెల్లంముద్దలు రెండు పెట్టాడో లేదో పిల్ల గాలిలోకి లేచింది.

"ఏందక్కా, బిడ్డను తెచ్చినవా, పిట్టను తెచ్చినవా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్ల కూడా నవ్వింది. ఎర్రటి పెదవులతో నవ్వింది.

"వచ్చే జాతరకు సూడు," అంది పోశవ్వ. "నీ దుకాణం సగం ఖాళీ చేస్తది నా బిడ్డ."

"చెయ్యనీయక్కా. నాకేం నష్టం?"

మొదటి రెండేళ్ళు హైదరాబాద్ పోయి చూపించుకొని వచ్చారు. బాగుందన్నారు. మూడో ఏడు పోయే ముందు ఐలవ్వ బీడీల చాట పక్కకు వచ్చి కూర్చుంది.

"మొక్కు చెల్లిచ్చినంక మల్ల దవాఖానకు పోవుడేందే? తల్లి బాగు చేసింది. నువ్వు పోయి, అయ్యా, బాగయిందో లేదో జర సూడున్రి అని అడుగుతవు. తల్లికి కోపం రాదా? తీరిపోయిన రోగాన్ని మల్ల పేరు పెట్టి పిలుస్తవా?"

పోశవ్వ చేతిలో బీడీ ఆగింది. ఆమె మనసులో కూడా అదే ఉంది. ఎవరూ అనలేదు కాబట్టి తానూ అనలేదు. బిడ్డ బడికి పోతోంది. గొంతుకూర్చోవడం లేదు. ఆ గుండెను మళ్ళీ తెరిపించి, లోపల ఏముందో వెదికించడం దేనికి? ఆ ఏడు పోలేదు. తర్వాత ఏడు కూడా పోలేదు.

శుక్రవారం ఫోన్‌లో కొమురెల్లి అడిగాడు. "మల్ల సూపిచ్చినవా?"

"జాతరల జోకిచ్చిన. పోయినసారికన్న పెరిగింది," అంది.

అవతల ఆయన కూడా సంతోషించాడు.

అట్లా ఆ చెక్కపీటే వాళ్ళకు దవాఖాన అయింది. రెండేళ్ళకోసారి ప్రవళిక దాని మీద కూర్చునేది. రెండేళ్ళకోసారి లింగమూర్తి ఒక ముద్ద ఎక్కువ పెట్టేవాడు. "పెరిగిందక్కా," అనేవాడు. పోశవ్వ ఆ మాట మూట గట్టుకొని ఇంటికి వచ్చేది. రెండేళ్ళు దాంతో బతికేది.

పిల్ల మాత్రం బక్కగానే పెరిగింది. మంచిర్యాల కాలేజీకి పోయేటప్పుడు రైలుపట్టాల మీది వంతెన మెట్లు అందరికంటే వెనకగా ఎక్కేది. నడుమ నిలబడి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేది. ఇంటర్ అయినాక మగ్గం పని నేర్చుకుంది. కర్రచట్రానికి జాకెట్ గుడ్డ బిగించి, పూసలూ జరీదారమూ కుట్టేది. కూర్చొని చేసే పని. తల్లి ఒక మూలన బీడీలు, బిడ్డ ఒక మూలన మగ్గం. ఇద్దరి తలలూ వంగే ఉండేవి. మాటలు మాత్రం ఇటూ అటూ పోయేవి.

"అవ్వా, నీ బీడీలకు గూడ పూసలు కుట్టాల్నా?"

"కుట్టు. పెద్ద దొరలు తాగుతరు."

ఆమెకు ఇరవై దాటిన తర్వాత వచ్చిన జాతరది వేరే కథ. ఆ చలికాలం ప్రవళిక ఒళ్ళు చేసింది. బుగ్గలు నిండాయి. నడుము దగ్గర లంగా బొందు బిగుతైంది. పట్టగొలుసుల కొక్కెం అందకుండా పోయింది. పోశవ్వ మురిసిపోయింది. అవుసలాయన దగ్గరికి పోయి, పట్టగొలుసులకు చెరి రెండు లంకెలు అతికించుకొని వచ్చింది. "నా బిడ్డ కాళ్ళు నిండినయి," అని దారిలో కనపడ్డ వాళ్ళకల్లా చెప్పింది.

పిల్ల తిండి మాత్రం తగ్గింది. రెండు ముద్దలకే కడుపు నిండిందనేది. పోశవ్వ దానికీ నవ్వింది. "గాలి తాగి బలుస్తున్నవా ఏంది బిడ్డా?"

ఆ జాతరలో లింగమూర్తి ముద్ద మీద ముద్ద పెడుతూ పోయాడు. అతని మీసాలు అప్పటికి తెల్లబడ్డాయి. తరాజు సమానమయ్యేసరికి రెండోపీట మీద చిన్న గుట్ట లేచింది.

"పిట్ట పోయి ఇన్నేండ్లకు మనిషి అయిందక్కా. ఇగ పెండ్లిబువ్వ ఎప్పుడు పెడతవు?"

"పెడత, పెడత. నిన్ను విడిచిపెట్టి పెడతనా?"

ఆ బెల్లం ఒక్కతే మోయలేక, పోశవ్వ ముగ్గురితో మోయించింది. గద్దెల ముందు కళ్ళు మూసుకొని నిలబడితే ఆమెకు కొత్తగా అడగవలసింది ఏమీ కనపడలేదు. ఇంకా ఇయ్యి తల్లీ అని మాత్రం అంది.

ఎండలు ముదిరిన వైశాఖంలో ప్రవళిక మగ్గం మీదికి ఒరిగిపోయింది. సూది చేతిలోనే ఉంది. పోశవ్వ బిడ్డ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తే లోపల గుండె కొట్టుకోవడం లేదు, తెంపుకొని పోయేందుకు గుంజులాడుతున్నట్టుంది. కరీంనగర్‌లో ఛాతీకి కరెంట్ పెట్టి దాన్ని దారిలోకి తెచ్చారు. హైదరాబాద్ పొమ్మన్నారు. అదే తొవ్వ. ఈసారి పిల్ల ఒడిలో పట్టే పిల్ల కాదు.

అప్పటి పెద్ద డాక్టర్ లేడు. మధులిక అని ఒక డాక్టరమ్మ ఉంది. పాత మచ్చ చూసింది. యంత్రంతో చూసింది.

"ఆపరేషన్ తర్వాత ఎక్కడ చూపిస్తున్నారమ్మా?"

"సూపిస్తనే ఉన్నం మేడం. జాతర జాతరకు జోకిచ్చినం."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ప్రవళిక మంచం మీదినుంచి, ఆక్సిజన్ గొట్టం వెనక నుంచి చెప్పింది, బెల్లం సంగతి. డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ లాక్కొని కూర్చుంది. తిట్టినా బాగుండేదని పోశవ్వకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

సూదుల మందు మొదలైంది. రోజూ పొద్దున నర్సు ప్రవళికను కాంటా మీద నిలబెట్టేది. రోజూ బరువు తగ్గేది. బుగ్గలు పోయాయి. మెడ ఎముకలు లేచాయి. పట్టగొలుసులు జారి మడమల మీద పడ్డాయి. నర్సులు మాత్రం సంతోషించారు. డాక్టరమ్మ వచ్చి, "చాలా బాగా తగ్గుతోంది, ఇట్లాగే తగ్గాలి," అంది.

పోశవ్వ ఓర్చుకొని ఓర్చుకొని, ఒకనాడు ఆమె చేతులు పట్టుకుంది.

"మేడం, మీ కాలు మొక్కుత. నా బిడ్డ కరిగిపోతుంది. నేను ఇన్నేండ్ల సంది దాన్ని ఒక్కొక్క ముద్ద ఒక్కొక్క ముద్ద పెంచుకున్న. మీరు బాగుంది బాగుంది అంటున్నరు. ఏం బాగున్నది మేడం?"

డాక్టరమ్మ ప్రవళిక కాలి మీది దుప్పటి తీసింది. పోశవ్వ బొటనవేలు పట్టుకొని, బిడ్డ మోకాటికి కింద, ఎముక మీద ఆనించి నొక్కించింది. కాసేపు అట్లాగే ఉంచి తీసింది. వేలు పడ్డచోట గుంట పడింది. గుంట అట్లాగే ఉంది. మెత్తటి బెల్లంలో వేలు పెట్టి తీసినట్టు ఉంది.

"ఇది కండ కాదమ్మా. నీళ్ళు. ఆ తలుపు మూసుకోక, ఇన్నేళ్ళు వెనక్కి వచ్చిన నెత్తురుతో గుండె కుడివైపు గది సాగిపోయింది. అలిసిపోయింది. గుండె తోడలేని నీళ్ళు కాళ్ళలో, కడుపులో చేరతాయి. జాతరలో పెరిగిన బరువు ఇదే."

పోశవ్వ ఆ గుంటను చూస్తూ ఉండిపోయింది. అది మెల్లగా, చాలా మెల్లగా పూడింది.

ఆ సాయంత్రం వరండాలో కొమురెల్లికి ఫోన్ చేసింది. శుక్రవారం కాదు. ఆయన భయపడి ఎత్తాడు. ఆమె ఒకటే మాట అంది. "నీళ్ళకు బంగారం పెట్టిననయ్యా."

నీళ్ళు పోయినాక రెండో ఆపరేషన్ చేశారు. పశువు గుండెపొరతో చేసిన కొత్త తలుపు పెట్టారు. కొమురెల్లి సెలవు దొరకక, దొరికించుకొని, ఆపరేషన్ అయినాక వచ్చాడు. బిడ్డ మంచం పక్కన నిలబడి, పెద్ద పెద్ద చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "బాపు, చాక్లెట్లు తెచ్చినవా?" అంది ప్రవళిక. తెచ్చాడు. అవి అతని సంచిలోనే ఉండిపోయాయి.

డాక్టరమ్మ వాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. తలుపు బాగా పని చేస్తోంది. సాగిన గది మాత్రం కుంచించుకోవాల్సినంత కుంచించుకోలేదు. కొన్నేళ్ళ ముందే వస్తే కుంచించుకునేది. ఇక ముందు మందులు ఆపొద్దు. ఉప్పు తగ్గించాలి. నీళ్ళు కొలిచి తాగాలి. పిల్లల్ని కనడం ఆమె గుండెకు ప్రమాదం. రోజూ పొద్దున బరువు చూసుకోవాలి. బరువు పెరుగుతూ పోతే ఆగకుండా రావాలి.

"ఎలాస్టిక్ పోయిందవ్వా," అంది ప్రవళిక బస్సులో. "గుడ్డయితే కుట్టు వేస్తం. ఎలాస్టిక్ సాగిపోతే ఏం చేస్తం?"

పోశవ్వ కిటికీలోంచి బయటికి చూసింది. కొన్నేళ్ళ ముందే వస్తే అన్న మాట ఆమెకు ఎదురుగా కూర్చొని ఇంటిదాకా వచ్చింది.

కొమురెల్లి తిరిగి పోయేముందు కాంటా కొని పెట్టాడు. అద్దం మీద నిలబడితే ఎర్రటి అంకెలు వెలిగేవి. పొద్దున లేవగానే ప్రవళిక దాని మీద నిలబడేది. పోశవ్వకు నోట్ల మీది అంకెలే గానీ ఆ కర్రలు అతికించినట్టుండే అంకెలు చదవడం రాదు. చాట ముందు కూర్చొని అడిగేది.

"ఎంతున్నది బిడ్డా?"

"నిన్నటంతనే."

ఆ మాటతో పొద్దు మొదలయ్యేది. ఇంట్లో ఊరగాయ జాడీ ఖాళీ చేసింది పోశవ్వ. తన కూరలో కూడా ఉప్పు మానేసింది. ఐలవ్వ ముసలితనంతో, పళ్ళులేని నోటితో సణిగేది. "గిది పథ్యమా, శిక్షనా? నేనేం తప్పు చేసిన్నే?" అని, అడిగిన తర్వాత తానే ఊరుకునేది. ఆ మూడో ఏటి మాట ఆమెకూ గుర్తుంది. ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల అది ఎక్కడికీ పోలేదు.

ఏడాదిన్నర అట్లా గడిచింది. హైదరాబాద్ పోవడం ఒక్కసారి కూడా తప్పలేదు. మళ్ళీ మాఘం వచ్చింది.

"జాతరకు పోదామవ్వా," అంది ప్రవళిక.

పోశవ్వకు మనసు లేదు. మొక్కు మాత్రం ఉంది. బతికినన్నొద్దులు అని తానే అంది. ఈసారి ఇంటి దగ్గరే బెల్లం కొంది. "ఎంత తూగుతున్నవో చెప్పు, గంతనే కొంట," అని బిడ్డను అడిగింది. ప్రవళిక కాంటా మీద నిలబడి చెప్పింది. దవాఖాన నుంచి వచ్చిన రోజు ఎంతో, ఇప్పుడూ అంతే. షాపాయన రెండుసార్లు జోకి, రెండు సంచుల్లో కట్టి ఇచ్చాడు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అనుకుంది పోశవ్వ. దొంగ బరువు ఒకసారి పెట్టింది చాలు.

గోదారి ఒడ్డు జనంతో నిండి ఉంది. డప్పులు, శివసత్తుల పూనకాలు, కోళ్ళ అరుపులు. లింగమూర్తి పక్కన ఇప్పుడు కంప్యూటర్ కాంటాల దుకాణాలు వచ్చాయి. అతను మాత్రం ఆ మూడు కర్రలే నమ్ముకున్నాడు. వీళ్ళను చూసి లేచి నిలబడ్డాడు.

"రా అక్కా, రా. బెల్లం ఇంటికాడ్నుంచే తెచ్చినవా? నా దుకాణం మీద అలిగినవా?"

"జోకు తమ్మీ," అంది పోశవ్వ.

ప్రవళిక చెప్పులు విడిచి పీట ఎక్కింది. కాళ్ళకు మేజోళ్ళున్నాయి. చలికి అని పండుగ ముందు నుంచీ వేసుకుంటోంది. లింగమూర్తి రెండు సంచులూ రెండోపీట మీద పెట్టి చెయ్యి వదిలాడు. బిడ్డ ఉన్న పీట నేల వదలలేదు.

"తక్కువ తెచ్చినవక్కా," అన్నాడు.

తన దుకాణంలోంచి ఒక ముద్ద తెచ్చి పెట్టాడు. పీట లేవలేదు. ఇంకొకటి పెట్టాడు. గొలుసులు కిర్రుమన్నాయి. పీట లేవలేదు. మూడో ముద్ద పెట్టాడు. పీట మెల్లగా నేలను వదిలి, ఊగి, ఆగింది.

"పెరిగింది! సూసినవా, మల్ల పెరిగింది! తల్లి సల్లగ సూసింది బిడ్డను," అన్నాడు లింగమూర్తి. పక్కవాళ్ళు చేతులెత్తి మొక్కారు. ఎవరో ముసలమ్మ ప్రవళిక బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

పోశవ్వ బిడ్డను చూసింది. ప్రవళిక గొలుసు పట్టుకొని, బెల్లం వైపు చూస్తోంది.

దుకాణం వెనక ఇసుకలో కూర్చున్నారు. పోశవ్వ బిడ్డ కాలు ఒడిలోకి తీసుకొని మేజోడు లాగింది. తేలిగ్గా రాలేదు. బొటనవేలు ఎముక మీద ఆనించి నొక్కింది. తీసింది. ఇద్దరూ చూశారు.

"ఎప్పట్నుంచి?"

"పండుగ ముందట్నుంచి."

"రోజు నిన్నటంతనే అంటివి."

ప్రవళిక ఇసుక వేళ్ళ సందుల్లోంచి వదిలింది. "చెప్తే జాతరకు తేవు. దవాఖానకు తీస్కపోతవు. అక్కడికి పోతే ఈసారి ఎప్పుడు పంపుతరో, ఏం చెప్తరో. ఒక్కసారి నీతోని జాతర సూసి పోదామనుకున్న."

పోశవ్వ బిడ్డ కాలికి అంటిన ఇసుక దులిపింది. మేజోడు మళ్ళీ తొడిగింది. చిన్నపిల్లకు తొడిగినట్టు, మడమ దగ్గర సర్ది తొడిగింది.

"ఇయ్యాలనే పోదాం," అంది. "ఇటునుంచి ఇటే."

"పోదాం."

బెల్లం మోసుకొని గద్దెల దాకా పోయారు. ఒక సంచి పోశవ్వ నెత్తిన, ఇంకొకటి లింగమూర్తి పంపిన మనిషి నెత్తిన. లింగమూర్తి ఇచ్చిన మూడు ముద్దలు బిడ్డ చేతుల్లోంచి తీసుకొని చంకలో పెట్టుకుంది. వరుస మెల్లగా కదిలింది. ముందు నిలబడ్డ వాళ్ళంతా ఏదో అడుగుతున్నారు. పంట, కొడుకు, కొలువు. పోశవ్వ వంతు వచ్చింది. బెల్లం దించింది. చెంగు తీసి రెండు చేతులతో పట్టుకుంది. నోరు తెరిచింది. పెంచు తల్లీ అని ఇన్నేళ్ళు అడిగింది. ఆ మాట ఇప్పుడు అనలేదు. తగ్గించు తల్లీ అని ఏ తల్లీ బిడ్డ గురించి అడగదు. వెనకవాళ్ళు నెడుతున్నారు.

"ఏమని మొక్కాలె బిడ్డా?" అంది.

ప్రవళిక ఆమె చెవి దగ్గరికి వంగింది.

"నిన్నటంతనే ఉండాలని మొక్కవ్వా."

పోశవ్వ అదే మొక్కింది.

బస్సులు నిలిచే చోటికి ఒడ్డు వెంట నడిచారు. ప్రవళిక మధ్య మధ్యలో ఆగింది. ఫోన్ చూసుకుంటున్నట్టు నటించలేదు. ఒకచోట మోకాళ్ళు మడిచి, ఇసుకలో అట్లాగే కూర్చుంది. పోశవ్వ పక్కన కూర్చొని, చెంగు ముడి విప్పి ప్రసాదం ముక్క ఇచ్చింది. బిడ్డ దాన్ని నాలుక మీద పెట్టుకుంది. ఆ రోజుకు కొలిచి పెట్టుకున్న నీళ్ళు పొద్దుననే అయిపోయాయి. ఎదురుగా గోదారి మెరుస్తూ పారుతోంది. ప్రవళిక దాన్ని చూస్తూ, నీళ్ళు అడగకుండా, బెల్లం కరిగేదాకా కూర్చుంది.